ఫతే మైదానంలో ఆ ఆదివారం

అంతకుముందు ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారమంటే రాజ్‌భవన్ వ్యవహారం. పిలిచిన పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చుంటారు, గవర్నరు గారు ప్రమాణం చేయిస్తారు, టీ తాగి ఎవరి కార్లో వాళ్ళు వెళ్ళిపోతారు. మర్నాడు పేపర్లో ఫొటో చూసి మా ఊళ్ళో వాళ్ళకు కొత్త ముఖ్యమంత్రి ఎవరో తెలిసేది. 1978 ఎన్నికల నుంచి 1983 ఎన్నికల దాకా ఆ ఫొటో నాలుగుసార్లు మారింది. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. మా ఊరి టీకొట్టు దగ్గర పొద్దున్నే "ఇవాళ ముఖ్యమంత్రెవరు?" అని అడగడం ఒక పరాచికమైపోయింది.

అలాంటిది, ఎన్టీ రామారావు రాజ్‌భవన్‌లో కాదు, లాల్ బహదూర్ స్టేడియంలో జనం ముందు ప్రమాణం చేస్తాడని రేడియోలో విన్నాం. ఎవరైనా రావచ్చట. పాసుల్లేవు, పిలుపుల్లేవు. మా మామయ్య విన్న మాట అదొక్కటే. "ఎవరైనా అంటే మనం కూడా గదరా అల్లుడూ" అన్నాడు.

1983 జనవరి 9, ఆదివారం. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఓటు లేదు, ఎందుకంటే అప్పట్లో ఇరవై ఒకటి నిండితే గానీ ఓటిచ్చేవాళ్ళు కాదు. గుడివాడలో అక్కినేని నాగేశ్వరరావు కాలేజీలో డిగ్రీ చదువుతూ ఎన్టీ రామారావుకి జై కొట్టుకుంటూ తిరిగేవాణ్ణి. ఈ సంగతి మీద మా క్లాసులో రోజూ జోకులే. గుడివాడ ఆయన పోటీ చేసిన రెండు సీట్లలో ఒకటి, తిరుపతి రెండోది. రెండూ గెలిచాడు. ఆయన పుట్టిన నిమ్మకూరు కూడా మా పక్కనే. దాంతో ఆ ఎన్నికల్లో మా వైపు వాళ్ళకు పెళ్ళివారి హోదా వచ్చేసింది. ఎవరి మీదైనా చెయ్యెత్తే హక్కు కూడా వచ్చిందనుకున్నారు కొందరు, అది వేరే సంగతి.

ఇప్పటి పిల్లలకు చెబితే ఆ గెలుపు అంత పెద్ద విషయంలా అనిపించదు. పార్టీలు గెలుస్తాయి, ఓడతాయి, అందులో ఏముంది అంటారు. కానీ ఎమర్జెన్సీ తర్వాత 1977లో ఉత్తరాదిలో ఇందిరమ్మ పార్టీ తుడిచిపెట్టుకుపోతే, మన రాష్ట్రం 42 ఎంపీ సీట్లలో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కడే జనతా తరఫున గెలిచాడు. ఆవిడే 1980లో మెదక్ నుంచి గెలిచింది. అంత గట్టి కోట. అలాంటి చోట 1982 మార్చి 29న ఒక సినిమా నటుడు తెలుగుదేశం అని పార్టీ పెట్టి, పాత షెవర్లే వ్యానుకి చైతన్యరథం అని పేరు పెట్టి, కొడుకు హరికృష్ణ నడుపుతుంటే ఊరూరా తిరిగి, తొమ్మిది నెలలకి 294లో రెండు వందల పైచిలుకు సీట్లు గెలిచాడు. కాంగ్రెస్‌కి వచ్చినవి 60. ఆరో తారీఖు రాత్రి మా వీధిలో నిద్రపోయినవాళ్ళు లేరు. రేడియో చుట్టూ దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. చేత్తో లెక్కపెట్టే ఓట్లు కదా, ఒక్కో ఫలితం నింపాదిగా వచ్చేది.

తాతయ్య మాత్రం లోపలి గదిలో పడుకున్నాడు. కాంగ్రెస్ గుర్తు మారినప్పుడల్లా జోడెద్దులకీ, ఆవూదూడకీ, చేతికీ వరసగా వేసుకుంటూ వచ్చిన మనిషి. ఆ జనవరి 5న ఆయన దేనికి వేశాడో ఎవరికీ చెప్పలేదు, మేమూ అడగలేదు. లారీ మాట్లాడుతున్నామని తెలిసినప్పుడు మాత్రం "కుప్పలు కళ్ళంలో ఉండగా ఊరేగింపులేమిట్రా, సంక్రాంతి ముందు!" అని అరిచాడు. ఆ మాటకొస్తే ఆయన చెప్పిందే నిజం. నూర్పిళ్ళు సగంలో ఉన్నాయి.

రైసుమిల్లు లారీ ఒకటి దొరికింది. తలా కాస్త వేసుకుని డీజిలు పోయించాం. లారీలో కింద గడ్డి పరిచి, పైన గోనెపట్టాలు వేశారు. పసుపు గుడ్డలకు మాత్రం కరువొచ్చింది. గుడివాడలో ఏ బట్టల కొట్టుకెళ్ళినా "ఎన్నికలకే అయిపోయిందండీ" అన్నారు. మామయ్య పాత పంచె ఒకటి చింపి అమ్మకిచ్చాడు. అమ్మ కొమ్ముల పసుపు దంచి నీళ్ళలో కలిపి ఆ గుడ్డలు ముంచి దండెం మీద ఆరేసింది. ఒక్కో చోట చిక్కగా, ఒక్కో చోట పలచగా అంటింది. వాటి మీద నల్లరంగుతో సైకిలు బొమ్మ వెయ్యడం నా వంతు. చక్రాలు ఎంత గీసినా కోడిగుడ్లే వచ్చాయి. "పర్లేదులే, ఊపితే ఎవడికి కనపడుద్ది" అన్నాడు మామయ్య.

శనివారం సాయంత్రం బయల్దేరాం. ఆడవాళ్ళు కూడా వచ్చారు. దీని గురించి కాస్త చెప్పాలి. మా ఊరి ఆడవాళ్ళు అంతకుముందు రాజకీయ మీటింగు పేరుతో ఊరి పొలిమేర దాటగా నేను చూడలేదు. చైతన్యరథం వస్తుందని తెలిసిన రాత్రి మాత్రం, పది దాటినా పన్నెండు దాటినా, పళ్ళెంలో హారతి కర్పూరం పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్నారు. "తెలుగింటి ఆడపడుచులారా" అని ఆయన పిలిస్తే వాళ్ళకు సొంత అన్న పిలిచినట్టే ఉండేది. కొందరికి ఆయన ఇంకా కృష్ణుడే. కానీ అందరూ సినిమా మోజుతో వచ్చారనడం తప్పు. లారీలో నా పక్కన కూర్చున్నావిడ నందిగామ దాటే దాకా ఒకటే లెక్క వేసింది. కిలో రెండు రూపాయలకు బియ్యం ఇస్తే వాళ్ళింట్లో నెలకెంత మిగులుతుంది, ఆ మిగిలిన దాంతో ఏం చెయ్యొచ్చు. కూలికి పోయే మనిషి. రామారావు ఏ వేషంలో బాగుంటాడని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

కోదాడ దాటాక చలి మొదలైంది. మాది కోస్తా, మాకు చలంటే తెల్లారుజామున కాసేపు. ఆ రోడ్డు మీద గాలికి చెవులు తెగిపోయాయి. సూర్యాపేటలో టీ తాగుదామని దిగితే అక్కడ లారీలే లారీలు. అన్నిటి మీదా పసుపు జెండాలే. రాజమండ్రి వైపు వాళ్ళు, ఏలూరు వాళ్ళు, తెనాలి వాళ్ళు. ముఖపరిచయం లేని మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని మాట్లాడుకుంటున్నారు. టీకొట్టు అతను పాలు అయిపోతే చివరికి డికాక్షనే పోసి ఇచ్చాడు, దానికీ కొట్టుకున్నారు.

తెల్లారేసరికి మలక్‌పేట. అక్కణ్ణించి లారీలు కదల్లేదు. దిగి నడక. చాదర్‌ఘాట్ వంతెన మీద జనం నిండిపోయి, కింద మూసీ కనపడకుండా పోయింది. కోఠీ దాటి ఆబిడ్స్ చేరాం. నేను హైదరాబాదు చూడటం అదే మొదలు. మామయ్య ఏదో ఒక పనిమీద వచ్చిపోతుండేవాడు గనక గైడు అవతారం ఎత్తాడు. "అదిగో రామకృష్ణా థియేటరు, ఆయనదే" అన్నాడు. సినిమా హాలు చూసి దణ్ణం పెట్టినవాళ్ళున్నారు మాలో. ఆబిడ్స్‌లోనే ఆయన ఇల్లు కూడా. అటువైపు సందులోకి వెళ్దామంటే మనిషి మీద మనిషి. ముందుకు తోస్తున్నవాళ్ళకీ వెనక్కి వస్తున్నవాళ్ళకీ మధ్య నలిగి, చొక్కా గుండీలు రెండు పోయాక వెనక్కి తిరిగాం.

అప్పటికి ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు లేవు. హుస్సేన్‌సాగర్ మధ్యలో బుద్ధుడూ లేడు. అవన్నీ ఈయన పుణ్యమే తర్వాత. కొండ మీద బిర్లా మందిర్ మాత్రం తెల్లగా ఉంది. ఊళ్ళో డబుల్ డెక్కర్ బస్సులు ఎక్కడివక్కడ ఆగిపోయి ఉంటే, వాటి పైఅంతస్తులో ఎక్కి కూర్చున్న కుర్రాళ్ళని కండక్టరు దిగమని బతిమాలుతున్నాడు. వాళ్ళకు ఉర్దూ రాదు, ఆయనకు తెలుగు అంతంత మాత్రం.

పాతకాపులు ఆ స్టేడియాన్ని ఫతే మైదాన్ అనే అనేవాళ్ళు. ఔరంగజేబు సైన్యం గోల్కొండను ముట్టడించినప్పుడు దిగిన చోటట, గెలిచాక ఆ పేరొచ్చిందట. శాస్త్రి గారి పేరు తర్వాత పెట్టారు. లోపలికి మేం వెళ్ళింది నిజాం కాలేజీ వైపు నుంచి. వెళ్ళామనడం కూడా సరికాదు, జనమే తీసుకెళ్ళారు. సరుగుడు బాదులు కట్టిన దడి ఒకటి నా కళ్ళముందే ఒరిగి, విరగకుండానే నేలకు ఆనింది. పోలీసాయన లాఠీ ఎత్తలేదు. ఎత్తడానికి చెయ్యి ఆడితే కదా. టోపీ ఎక్కడో పడిపోయింది ఆయనకి, తల మీద చెయ్యి పెట్టుకుని నవ్వుతున్నాడు. లోపల చెప్పులు. ఎవరివో తెలియని చెప్పులు, తెగినవి, ఒంటివి, కొత్తవి, అడుగు వేస్తే చెప్పుల మీదే వెయ్యాలి. మామయ్య కిర్రుచెప్పులు అక్కడే సమర్పించుకున్నాడు. పండక్కని కొన్నవి.

రెండు లక్షల మందిపైనే వచ్చారని తర్వాత చెప్పుకున్నారు. నాకు కనపడింది నా చుట్టూ ఉన్న ఓ నలభై మంది. అంత జనంలో ఎవరికైనా కనపడేది అంతే. బఠాణీలవాడు తల మీద గంప పెట్టుకుని ఆ తోపుడులోనూ అమ్ముతూనే ఉన్నాడు. తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో చదువుతున్నారు. ఒక పేరు చదవగానే దూరంగా ఎక్కడో "వస్తన్నానయ్యా" అని ఒక తండ్రి కేక వేశాడు. ఆ కేక మైకు దాకా వెళ్ళదని తెలిసి కూడా చుట్టూ ఉన్నవాళ్ళందరూ కలిసి "వస్తన్నాడయ్యా" అని అరిచారు. ఒక వరస నుంచి ఇంకో వరసకి అలా అందుకుంటూ పోయారు. అది వేదిక దాకా చేరిందో లేదో గానీ, ఆ పేరు మళ్ళీ చదవలేదు.

నా ఎడమ పక్కన ఒక మామ్మ. నల్గొండ అవతల ఏదో ఊరు. చేతిలో మూట. పొట్టి మనిషి, ఆవిడకు కనపడేదల్లా ముందున్నవాళ్ళ వీపులే. నా మోచెయ్యి పట్టుకుని "నాకేం కానొస్తలేదు బిడ్డా, ఏమైతున్నదో జర చెప్పు" అంది. అప్పణ్ణించి ఆవిడకు నేను రన్నింగ్ కామెంటరీ. వేదిక మీద ఒకాయన నడిచొచ్చి మైకు ముందు నిలబడ్డాడు. జనం కాస్త ఒత్తిగిల్లి సందు ఇవ్వడంతో ఆవిడకు ఆయన కనపడ్డాడు. మూట నా చేతిలో పెట్టి, రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టింది. కళ్ళు మూసుకుంది. ఆ వచ్చినాయన మైకుని వేలితో తట్టి "హలో, హలో, మైక్ టెస్టింగ్" అన్నాడు. చుట్టుపక్కల వాళ్ళు పకపకా నవ్వారు. మామ్మ చేతులు దించలేదు. "గాయన గాదా? గాదైతే ఏమాయె, ఆయన కాడికే పోతది" అంది.

ఆయన వచ్చిన సంగతి మాకు కళ్ళతో తెలియలేదు, చెవులతో తెలిసింది. వేదిక వైపు నుంచి ఒక హోరు లేచి మా మీదుగా వెనక గేటు దాకా వెళ్ళింది. జెండాలన్నీ ఒక్కసారి లేవడంతో ఉన్న కాస్త సందూ మూసుకుపోయింది. జెండాలు దించండి దించండి అని అందరూ అరుస్తున్నారు, ఎవరిది వాళ్ళు ఎత్తే ఉంచారు. నా కోడిగుడ్డు చక్రాల సైకిలు కూడా అందులో ఉంది, మామయ్య చేతిలో. ఒకతని భుజాల మీద ఒకతను, అతని భుజాల మీద ఒక పిల్లవాడు. ఆ పిల్లవాడే మా అందరికీ దిక్కు. "ఏం జరుగుతోందిరా" అంటే "లేచారు", "ఒకాయన కాగితం పట్టుకున్నాడు", "చదువుతున్నాడు" అని చెబుతున్నాడు. కాగితం పట్టుకున్నాయన గవర్నరు కె.సి. అబ్రహాం అయ్యుండాలి. ఆయన కేరళ మనిషి.

నిజం చెప్పాలంటే ఆ ప్రమాణం నాకొక్క ముక్క కూడా వినపడలేదు. సినిమా హాళ్ళలో విని విని మా అందరికీ కంఠతా వచ్చిన ఆ గొంతు మైకులో ఒక్కసారి మోగింది, అంతే. ఆ మొదటి మాట మీదే జనం విరుచుకుపడ్డారు. ఈలలు, కేకలు, ఏడుపులు కూడా. మిగతాదంతా ఆ గోలలో కొట్టుకుపోయింది. అంత దూరం వెళ్ళి ఏం విన్నావురా అని తర్వాత ఇంట్లో అడిగితే చెప్పడానికేం లేదు. ఇంట్లో రేడియో దగ్గర కూర్చున్న తాతయ్యకే నాకంటే ఎక్కువ తెలుసు.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నా ముందున్న జెండా కిందికి వాలినప్పుడు ఆయన కనపడ్డాడు. వేలెడంత మనిషి. చేతులు జోడించి అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. మా వైపు తిరిగినప్పుడు ఆ మామ్మని ముందుకు తోసి "అదిగో మామ్మా, అదిగో" అన్నాను. చూసిందో లేదో తెలియదు. "సూసిన బిడ్డా, సూసిన" అంది.

పక్కనే బట్టతల పెద్దాయన ఒకాయన ఖద్దరు చొక్కాతో నిలబడి ఉన్నాడు. పొద్దుణ్ణించీ జై కూడా కొట్టలేదు. మామయ్య ఊరుకోలేక "ఏమండీ, మీరు కాంగ్రెస్సా?" అని అడిగేశాడు. ఆయన అవునన్నాడు. మరెందుకొచ్చారంటే, "అంజయ్యని బేగంపేట ఎయిర్‌పోర్టులో అన్ని మాటలన్నప్పటి నుంచి మనసు బాలేదు, చూసిపోదామని వచ్చాను" అన్నాడు. 1982 ఫిబ్రవరిలో రాజీవ్ గాంధీ వచ్చినప్పుడు, అప్పటి ముఖ్యమంత్రి అంజయ్యని అవమానించాడని లేచిన గొడవ సంగతి అది. తెలుగువారి ఆత్మగౌరవం అని రామారావు ఊరూరా చెప్పింది దాన్నే. నినాదాలు నేను బోలెడు విన్నాను. ఆ ఖద్దరు చొక్కా పెద్దాయన గొంతు తగ్గించి చెప్పిన ఆ మాటతోనే నాకు ఆ ఎన్నిక అర్థమైంది.

బయటపడటానికి లోపలికి వెళ్ళినంత సేపూ పట్టింది. ఆకలి. బషీర్‌బాగ్ వైపు ఒక ఇరానీ హోటల్లో ఉస్మానియా బిస్కట్లు తప్ప ఏమీ మిగల్లేదు. అవే తిని చాయ్ తాగాం. మామయ్య ఉత్తి కాళ్ళతో మలక్‌పేట దాకా నడిచాడు. చాలామంది అలాగే నడిచారు. ఆ ఆదివారం హైదరాబాదు చెప్పుల కొట్లవాళ్ళు కొట్లు తెరిచి ఉంటే బాగుపడేవాళ్ళు.

మర్నాడు పొద్దున ఇల్లు చేరాక రేడియోలో ఇంకో వార్త. బెంగళూరులో రామకృష్ణ హెగ్డే ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారట. అక్కడా మనతో పాటే ఎన్నికలు, అక్కడా మొదటిసారి కాంగ్రెస్ కాని ప్రభుత్వం. తాతయ్య విని "అయితే మన ఒక్కళ్ళకే పట్టిన పిచ్చి కాదన్నమాట" అన్నాడు. తర్వాత పలుగు పట్టుకుని కళ్ళం వైపు వెళ్ళిపోయాడు. మేమూ వెళ్ళాం, నిద్ర కళ్ళతో.

పండగ పనుల్లో అమ్మ ఆ పసుపు గుడ్డల్ని సబ్బు పెట్టి ఉతికింది. నీళ్ళలో ముంచినవి ముంచినట్టే ఎర్రగా మారాయి. పసుపుకి సబ్బు తగిలితే అంతే గదా. దండెం మీద సైకిలు బొమ్మతో ఎర్రజెండాలు. గోడ పక్క నుంచి చూసిన కామ్రేడ్ బాబాయి, ఆ ఎన్నికల్లో కమ్యూనిస్టులు విడిగా పోటీ చేసి చతికిలబడిన బాధలో ఉన్నాడేమో, మొహం వెలిగిపోయింది. "ఏం వదినా, వారం తిరక్కముందే మా దాంట్లోకి వచ్చేశారే!" అన్నాడు. ఆ మాట మా పేటలో చాలా ఏళ్ళు నడిచింది.

ఆయన పాలన గురించి నాకు వేరే అభిప్రాయాలున్నాయి. కరణాలు, మునసబుల వ్యవస్థ ఒక్క దెబ్బతో తీసేస్తే ఊళ్ళో సగం మంది చప్పట్లు కొట్టారు. ఉద్యోగుల రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కి తగ్గిస్తే, మాతో లారీలో వచ్చి గొంతు పోయేలా జై కొట్టిన గుమాస్తా గారు ఆ తర్వాత ఆ ప్రయాణం మాటెత్తితే మొహం తిప్పుకునేవాడు. అవన్నీ నిజాలే. అయినా ఆ ఆదివారాన్ని వాటితో కొలవబుద్ధి కాదు.

1984 ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ ఆయన్ని దించి నాదెండ్ల భాస్కరరావుని ఎక్కించినప్పుడు మా ఊళ్ళో టీకొట్టు దగ్గర జరిగింది గుర్తుంది. ఎవరో మెజారిటీ, లెక్కలు, రాజ్యాంగం అని చెప్పబోయారు. మామయ్య గ్లాసు బల్ల మీద పెట్టి, "ఎక్కినప్పుడు మనకి చూపించి ఎక్కాడు. దించేటప్పుడు ఎవరికి చూపించారయ్యా?" అన్నాడు. అక్కడున్న ఎవరి దగ్గరా జవాబు లేదు. మెజారిటీ లెక్కలు చెప్పినాయన కూడా టీ తాగేసి లేచాడు. ఆ నెల రోజులూ బందులు, రాస్తారోకోలు, కాలేజీ లేదు. సెప్టెంబరు 16న ఆయన మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యాడు. ఈసారి లారీ మాట ఎవరూ ఎత్తలేదు. కలుపుతీతలు ముమ్మరంగా ఉన్నాయి, చేలో మనుషులు దొరకడమే కష్టంగా ఉంది. సాయంత్రం ఇంటికొచ్చి రేడియోలో విన్నాం. ఆ రోజు తాతయ్య కూడా వసారాలోకి వచ్చి కూర్చుని, సౌండు కాస్త పెంచమన్నాడు.